అందరి పగిడయ్య

పోయిన వారం మనం వెంకటరామారావు గారిని కొత్తగూడెంలో రైలు దించి, జీపెక్కించి, బూర్గంపాడు దాటించి, అడవిలో ఒక వాగు ఒడ్డున వదిలేసి వచ్చాం. పాపం, పెద్దమనిషి వారం నుంచీ అక్కడే నిలబడి ఉన్నారు. ఆయన్ని వాగు దాటించే ముందు, కథ మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పనివ్వండి.

ఇంగ్లండులో ఇంగ్లిషు టీచర్ల సంఘం ఒకటుంది. దేశదేశాల టీచర్లు అందులో సభ్యులు. పూర్తి రుసుము కట్టుకోలేని దేశాలవాళ్ళ దగ్గర పేరుకు కొంత తీసుకుని, మిగతాది సంఘమే భరించి సభ్యత్వం ఇస్తుంది. అట్లా ఈ అడవి ప్రాంతానికి దక్కిన ఒకే ఒక్క సభ్యత్వం ఆశ్రమ పాఠశాల ఇంగ్లిషు మాస్టారు పగిడయ్యది. దానితో కంప్యూటరులో ఒక చర్చావేదిక తెరుచుకుంటుంది. ఎక్కడెక్కడి టీచర్లో అక్కడ తమ బడి కష్టసుఖాలు రాసుకుంటారు. పగిడయ్య పేరున అందులో వచ్చిన ఒక వ్యాసం వాళ్ళందరికీ తెగ నచ్చేసింది. తెల్లవారకముందే పిల్లల్ని ఇప్పచెట్టు కింద పడుకోబెట్టి, పూలు రాలే చప్పుడు వినిపిస్తూ ఇంగ్లిషు మాటలు నేర్పిన పాఠం అది. దాన్ని ఖాట్మండు సభలో స్వయంగా చదవమని పిలుపు వచ్చింది. దారి ఖర్చులు కూడా వాళ్ళవే.

ఆ వ్యాసం రాసింది పగిడయ్య కాదు, ఆరిఫా. ఇది మనకు తెలుసు, వెంకటరామారావు గారికి తెలియకూడదు. ఒకరి సభ్యత్వాన్ని ఇంకొకరు వాడుకుంటే రద్దు చేస్తామని సంఘం నిబంధన. అది తెలిసిన రోజు నుంచీ ఆరిఫాకు నిద్ర లేదు. ఎవరు అడిగినా మీరే రాశారని చెప్పండి సార్ అని పగిడయ్యను బతిమాలింది. ఆయన తల ఊపాడు. ఊపాడంటే ఒప్పుకున్నట్టేనని అనుకుంది ఆరిఫా. అక్కడే పొరబడింది.

ఇక వాగు దాటుదాం.

ఏప్రిల్ మొదటి ఆదివారం. పొద్దెక్కినా అడవికి ఇంకా మత్తు వదల్లేదు. ఇప్పపూల వాసన తెలియనివాళ్ళకు దాన్ని చెప్పడం కష్టం. తియ్యగా ఉంటుంది, కాస్త పులుపు తగులుతుంది, ఎంతసేపు పీలిస్తే అంతసేపు కాళ్ళు బరువెక్కుతాయి. వెంకటరామారావు గారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని, సగం ఎండిన వాగులో నెమ్మదిగా నడుస్తున్నారు. హైదరాబాదులో కాలేజీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆ సంఘానికి మన రాష్ట్రంలో పెద్దదిక్కు ఆయనే. రాత్రంతా రైల్లో కూర్చున్న బడలికో, ఈ వాసనో, నడుస్తూనే కల కంటున్నట్టు ఉందాయనకు.

వెనకాల ఆరిఫా, బాలకృష్ణ వస్తున్నారు. ఆరిఫా వాళ్ళ నాన్న షుకూర్‌కు భద్రాచలంలో దర్జీ దుకాణం. ఆమె ఆశ్రమ పాఠశాలలో విద్యా వాలంటీరు. అంటే ఏటా జూన్‌లో పెట్టుకుంటారు, ఏప్రిల్‌లో పంపించేస్తారు. హాజరు పట్టీలో తప్ప ఆమె పేరు ఇంతవరకూ ఎక్కడా అచ్చు కాలేదు. బాలకృష్ణది ఏన్కూరు. అడవి లోపలి గూడెంలో ఏకోపాధ్యాయ బడి నడుపుతున్నాడు. చాలా తక్కువ మాట్లాడతాడు. పిల్లలతో తప్ప మాట్లాడటానికి ఆయనకు అక్కడ ఎవరూ లేరు కూడా.

"వ్యాసంలో ఉన్న చెట్టు ఇదేనా అమ్మా?" అన్నారు వెంకటరామారావు, గట్టెక్కి బూట్లు వేసుకుంటూ.

వాగు గట్టున పెద్ద ఇప్పచెట్టు. కింద నేలంతా శుభ్రంగా ఊడ్చి ఉంది. పూలు ఏరుకోవడానికి ఊడ్చుకుంటారు. పొద్దున ఏరుకున్నాక రాలిన పూలు అక్కడక్కడా తెల్లగా, గుండ్రంగా మెరుస్తున్నాయి.

"ఇదే సార్," అంది ఆరిఫా. చెట్టును చూడగానే ఆమె గొంతు మారింది. "చీకటి ఉండంగనే రావాలె. మొదలు ఏం వినపడది. పిల్లలు నవ్వుకుంటరు, గిల్లుకుంటరు. తర్వాత ఒక్కటి పడ్తది. ఆకు మీద పడితే ఒక చప్పుడు, మట్టి మీద పడితే ఇంకో చప్పుడు. ఆ రెండు చప్పుళ్ళకు ఇంగ్లిషుల ఏం పేరు పెడదామని అడిగితే, ఒక్కొక్కరు ఒక్కో మాట..."

ఆగిపోయింది. మరీ ఎక్కువ చెప్పేసినట్టు అనిపించింది.

"మీరు కూడా ఆ పాఠంలో ఉన్నారా?"

"లేను సార్. పగిడయ్య సార్ చెప్తే విన్న."

అబద్ధం ఆడేటప్పుడు మనిషి కళ్ళు దించుకుంటాడంటారు గానీ, ఆరిఫా ఆయన కళ్ళలోకే చూసి చెప్పింది. జీపులో వస్తుంటే ఒకసారి, ఇక్కడ ఇంకోసారి. తన బిడ్డను తనది కాదని రెండుసార్లు చెప్పిన తల్లిలా లోపల నలిగిపోయింది. వెంకటరామారావు ఒక పూవు తీసి వాసన చూసి, జేబులో వేసుకున్నారు.

గూడెం అవతల మడుగు దగ్గర ఊరంతా ఉంది. వేసవిలో వాగు ఎండి మడుగుల్లో నీళ్ళు నిలిచినప్పుడు, ఒక రోజు చూసుకుని అందరూ కలిసి చేపలు పడతారు. నడుం లోతు నీళ్ళలో ఆడవాళ్ళు బుట్టలతో, మగవాళ్ళు వలలతో, పిల్లలు ఉత్త చేతులతో. నీళ్ళు బురదై, ఎండ పడి, ఎర్రటి పలచని చాయలా కనిపిస్తోంది మడుగు. కోయ మాటలు, నవ్వులు అటూ ఇటూ తేలుతున్నాయి. ఆ నీళ్ళలోంచి మన పగిడయ్య మాస్టారు లేచి వచ్చాడు. ఆశ్రమ పాఠశాలలో ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఇంగ్లిషు పద్యాలు చెప్పే మనిషి, ఇప్పుడు ఒంటి మీద తుండుగుడ్డతో, మీసానికి బురదతో, చంకలో కొర్రమీనుతో.

"నమస్తే సార్. షేక్‌హ్యాండ్ ఇయ్యలేను, ఏం అనుకోవద్దు," అన్నాడు.

వెంకటరామారావు గారు ముసిముసిగా నవ్వారు. ఆయన ఊహించుకున్న పగిడయ్య కళ్ళజోడు పెట్టుకుని ఉంటాడు. ఈ మాట ఆయన తర్వాత నాతో చెప్పారు.

పట్టడం అయిపోయాక చేపలన్నీ ఒకచోట పోశారు. గట్టు పొడుగునా టేకాకులు పరిచారు. ఒక పెద్దాయన కూర్చుని, ఏ ఆకు మీద ఎంత వేస్తున్నానని చూడకుండానే చూస్తూ, కుప్పలు వేసుకుంటూ పోయాడు. పెద్ద చేపను కోసి నాలుగు ఆకుల్లో వేస్తాడు, చిన్నవాటిని పిడికిలితో. అన్నీ అయ్యాక పగిడయ్య భార్య కన్నమ్మ ఒక ఆకు ఎత్తి తెచ్చి వెంకటరామారావు ముందు పెట్టింది.

"నాకెందుకమ్మా? నేను నీళ్ళలోకి కూడా దిగలేదు."

"ఊళ్ళ అడుగు పెట్టినవు గద అన్నా," అంది కన్నమ్మ. "పొయ్యి అంటుకునే ప్రతి ఇంటికి వాటా ఉంటది. చుట్టం వస్తే ఆ ఇంటికి ఇంకో ఆకు."

"మరి ఎక్కువ పట్టినవాళ్ళకు ఎక్కువ రాదా?"

"రాదు సార్," అన్నాడు పగిడయ్య, తల తుడుచుకుంటూ. "జరమొచ్చి ఇంట్ల పండుకున్నోనికి గూడ గంతే, దినమంత నీళ్ళల్ల ఉన్నోనికి గూడ గంతే. ఏ చేప ఎవరు పట్టిండ్రని అడగరు. అడుగుడు తప్పు."

వెంకటరామారావు ఆ ఆకు వంక చాలాసేపు చూశారు. మడుగు మీది నుంచి గాలి వచ్చింది, ఆ గాలిలో కూడా ఇప్పపూలే. ఆయన అడిగిన మాట కూడా ఆ గాలిలో వచ్చినట్టే మెల్లగా వచ్చింది.

"సభ్యత్వం సంగతి కూడా ఇంతేనా పగిడయ్య గారూ?"

ఆరిఫా పగిడయ్య సార్ వైపు చూసింది, చెప్పొద్దని కళ్ళతోనే అడిగింది.

"అవ్ సార్. గంతే," అన్నాడు పగిడయ్య.

ఎంత తేలిగ్గా అన్నాడో చెప్పలేను. దాచాల్సింది ఒకటి ఉందన్న ఊహే లేదు ఆ మొహంలో. తుండుగుడ్డ పిండి భుజాన వేసుకుని, ఆయన ఎదురుగా గొంతుక్కూర్చుని, ఊళ్ళో పంట సంగతి చెప్పినట్టు చెప్పుకుపోయాడు.

"నాకొక్కనికి వచ్చిందని నేనొక్కన్నే ఎట్ల వాడుకుంట సార్? ఇక్కడ ఇంగ్లిషు చెప్పేటోళ్ళందరిది ఒకటే కష్టం. ఆదివారం వీలైనోళ్ళం భద్రాచలం పోతం. దానిష్ నెట్ సెంటర్ల కూసుంటం. అందరి మాటలు అండ్ల రాస్తం. వచ్చిన జవాబులు కాయితాల మీద తీసుకొని బస్సుల ఇచ్చి పంపుతం. పిల్లలు నోరు తెరుస్తలేరని ఒకలు అడుగుతరు, బోర్డు లేదని ఒకలు అడుగుతరు. ఎక్కడి నుంచో జవాబు వస్తది. పేరు నాదే ఉంటది. మాట ఎవరిదైతే ఏంది?"

"సార్, ఆయన ఊరికే అంటున్నడు," అంటూ ఆరిఫా ముందుకు వచ్చింది. "రాసేది ఆయనే. మేం సలహాలు అడుగుతం అంతే."

వెంకటరామారావు చెయ్యెత్తి ఆపారు. కోపంగా కాదు.

"కూర్చోండమ్మా. నాకీ సంగతి రైలెక్కకముందే తెలుసు."

ఆరిఫాకు అర్థం కాలేదు. మనకూ కాదు. పోయిన వారం ఈ మాట మీకు చెప్పకుండా దాచినందుకు నన్ను తిట్టుకోకండి, నాకూ ఇప్పుడే తెలిసింది.

"పగిడయ్య గారే సంఘానికి రాశారు," అన్నారాయన. "ఆ పాఠం నాది కాదు, మా ఆరిఫా మేడంది, ఖాట్మండుకు ఆమెను పిలవండి అని. మీరిచ్చిన ఒక్క సభ్యత్వం ఇక్కడ ఇంతమందికి అక్కరకొస్తున్నదని చెప్పి, అందరి తరఫునా దండాలు కూడా పెట్టారు. వాళ్ళు అది చదివి నిర్ఘాంతపోయారు. వెళ్ళి చూసి రమ్మని నన్ను పంపారు. నేను వచ్చింది మిమ్మల్ని సభకు పిలవడానికి కాదు. విచారణకు."

"ఎప్పుడు రాసినరు సార్?" అంది ఆరిఫా, పగిడయ్య వైపు తిరిగి.

పగిడయ్య మొదటిసారి కాస్త ఇబ్బందిగా కదిలాడు.

"పిలుపు వచ్చిన దినమే రాసిన బిడ్డా. నువ్వు చెప్పొద్దన్నది ఆ తర్వాత గద. అప్పటికే రాసేసిన అంటే పరేషాన్ అయితవని ఊకున్న."

ఆరిఫాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పొద్దుటి నుంచీ తను ఆడిన అబద్ధాలన్నీ ఈ పెద్దమనిషి వింటూ వచ్చాడు. చెట్టు కింద తన గొంతు మారడం విన్నాడు. తెలిసీ అడిగాడు. సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి. ఆ క్షణంలో పగిడయ్య మీద పట్టరాని కోపం వచ్చింది, ఆ కోపం నిలవలేదు. తన పేరు ఇంగ్లండు దాకా తీసుకెళ్ళింది కూడా ఈ మనిషేగా మరి.

"చూడండి," అన్నారు వెంకటరామారావు. ఆయన గొంతులో ఇప్పుడు మత్తు లేదు. "తక్కువ రుసుముకు సభ్యత్వం ఇమ్మని నేనెన్నాళ్ళు వాళ్ళ చుట్టూ తిరిగానో మీకు తెలియదు. ఒకాయన అప్పుడే అన్నాడు. ఒకరికిస్తే నలుగురు వాడుకుంటారు, మీ దగ్గర అంతే కదా అని. ఆ మాటకు నాకెంత మండిందంటే, మావాళ్ళు అట్లాంటివాళ్ళు కాదని నిండు సభలో చెప్పాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని మాట్లాడమంటారు? మీ ఒక్కరిదీ పోతే పోయింది. మన దగ్గర ఇంకే పల్లెటూరి టీచరుకైనా మళ్ళీ ఇస్తారా? సభ్యత్వం చేప కాదు పగిడయ్య గారూ."

"కాదు సార్," అన్నాడు పగిడయ్య. "చేప అయితే తినంగనే ఒడిసిపోతది. ఇది ఎంతమంది తిన్నా ఒడువలే."

వెంకటరామారావు మొహంలో ఉక్రోషం కనిపించింది. కన్నమ్మ ఎవరూ అడక్కుండానే చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగి, చెంబు కింద పెట్టి, ఆరిఫా వైపు తిరిగారు.

"బూర్గంపాడు చేరగానే ఫోను కలుస్తుంది. ఆదివారమైనా నా ఫోను కోసం చూస్తుంటామన్నారు. నేను వాళ్ళకు ఒక్క పేరు చెప్పాలి. పగిడయ్య గారి పేరు చెప్పాననుకోండి, ఆయన రాసిన దాన్ని ఏదో మంచితనం కొద్దీ రాశారని సర్దిచెప్పగలను. సభ్యత్వం నిలుస్తుంది. ఖాట్మండుకు ఆయన వెళ్తారు. మీ పేరు చెప్పాననుకోండి, మీరు వెళ్తారు. సభ్యులు కాకపోయినా ఫరవాలేదు, వ్యాసం రాసినవాళ్ళకే ఆ పిలుపు. కానీ అప్పుడు ఇక్కడ ఒకరి పేరున ఇంకొకరు రాస్తున్నారని ఒప్పుకున్నట్టే. సభ్యత్వం ఇవాళ్టితో పోతుంది. నేను మూడోసారి అడుగుతున్నానమ్మా. ఆ పాఠం ఎవరిది?"

మడుగు దగ్గర ఇప్పుడు వీళ్ళు తప్ప ఎవరూ లేరు. ఎవరి ఆకు వాళ్ళు పట్టుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు. కదిలిన నీళ్ళు మెల్లగా తేటపడుతున్నాయి. ఆరిఫా ఆ నీళ్ళనే చూస్తూ నిలబడింది.

ఆమె ఖమ్మం దాటి ఎరగదు. ఖాట్మండు ఎట్లా ఉంటుందో తెలియదు. పాస్‌పోర్టు అక్కర్లేదని, రైలు మీద రైలు ఎక్కుతూ, చివర బస్సులో పోవచ్చని నెట్ సెంటర్ దానిష్ చెప్పినప్పటి నుంచీ ఆ ఊరు ఆమె కలలోకి వస్తోంది. కలలో పెద్ద హాలు, కిటికీలోంచి మంచుకొండలు. తను లేచి నిలబడుతుంది. ఎవరో మైకులో పేరు పిలుస్తారు. ప్రతిసారీ పగిడయ్య అని పిలుస్తారు. ప్రతిసారీ తను మళ్ళీ కూర్చుంటుంది. ఈ కల ఆమె ఇంట్లో కూడా చెప్పలేదు. చెబితే షుకూర్ ఆ రోజే తన బిడ్డకు సభకు వేసుకుపోవడానికి బట్టలు కత్తిరించడం మొదలుపెట్టేవాడు.

పగిడయ్య సార్ పేరు చెబితే సరిపోతుంది. అంతా ఎప్పటిలా ఉంటుంది. పొద్దుటి నుంచీ చెప్తున్నదే మళ్ళీ చెప్పాలి, అంతే. నోరు తెరిచింది.

"నాది," అంది.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తెలియడానికి కాస్త సమయం పట్టింది.

"నేనే రాసిన సార్. ఆ చెట్టు కింద పండుకున్నది నేనే. చప్పుళ్ళకు పేర్లు పెట్టింది మా పిల్లలు, రాసింది నేను. ఇంకోసారి కాదని చెప్పలేను."

చెప్పేశాక హాయిగా అనిపించింది. ఎన్నాళ్ళుగానో బిగించి ఉన్న ముడి ఏదో విడిపోయినట్టు. ఆ హాయి వెంటనే భయం కూడా వచ్చింది. బాలకృష్ణ వైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

పగిడయ్య మాత్రం గట్టిగా నవ్వేశాడు. "ఇగ అయిపాయె. గదే గద నేను రాసింది. పోయి రా బిడ్డా," అన్నాడు. ఆయనకు నిజంగానే సంతోషంగా ఉంది. పోయేదాని గురించి బాధపడటం ఆయనకు చేతకాదు. ఇట్లాంటివాళ్ళతో వేగడం ఎంత కష్టమో వెంకటరామారావు మొహం చూస్తే తెలుస్తోంది.

"సరే," అన్నారాయన లేచి దుమ్ము దులుపుకుంటూ. "నిజం చెప్పారు, సంతోషం. జల్దీ వెళ్దాం. మీరు కూడా రండి ఆరిఫా గారూ. ఆ మాట వాళ్ళకు మీరే చెప్పండి."

పగిడయ్య, కన్నమ్మ మడుగు దగ్గరే ఆగారు, మిగతా ముగ్గురూ వాగు వైపు నడిచారు. ఎండ ముదిరింది. చెట్ల కింద పండుటాకులు అడుగు పడ్డప్పుడల్లా కరకరమంటున్నాయి. వాగు దాటాక జీపు కనిపించింది. డ్రైవర్ మోతీ వెనక సీట్లో కాళ్ళు బయటికి పెట్టి నిద్రపోతున్నాడు. కిరాయికి వచ్చిన మనిషి, ఆయనకు ఏ సభ్యత్వం పోయినా ఒకటే.

అప్పుడు మాట్లాడాడు బాలకృష్ణ.

"సార్. సభ్యత్వం బంద్ చేసే ముందు ఒక్కసారి ఆ వేదిక తెరిచి చూసుకోవచ్చా?"

"ఎందుకు?"

"ఒకామెకు జవాబు రాసేది ఉంది."

ఎవరికని ఆరిఫా అడిగింది. ఎవరు ఏం రాస్తున్నారో అందరికీ తెలుసనే ఆమె అనుకుంటోంది. నేనూ అట్లాగే అనుకున్నాను.

"మలావి అని, ఆఫ్రికాల ఉన్నది ఆ దేశం. అక్కడ టీచరామె. పోయిన వానకాలం బిడ్డ చనిపోయింది ఆమెకు, జరమొచ్చి. బడికి పోబుద్ది అయితలేదు, పిల్లల మొకాలు చూడలేకపోతున్న అని అండ్ల రాసింది. అందరు పెద్దపెద్ద మాటలు రాసిండ్రు. నేను రాసిన, నాకు గూడ గట్లనే కొడుకు పోయిండు, అయినా మర్నాడు బడి తెరిచిన, ఎందుకంటే ఇంట్ల కూసుంటే ఇంకా ఎక్కువైతది అని. అప్పటిసంది ప్రతి ఆదివారం రాసుకుంటున్నం."

"మీకు బాబు పోయిండా?" అంది ఆరిఫా. ఆమెకు తెలియదు. ఇన్నేళ్ళుగా ఒకే బస్సులో తిరుగుతూ, ఒకే టిఫిన్ డబ్బా పంచుకుంటూ, ఆ మాట ఆయన ఎప్పుడూ అనలేదు.

"ఇక్కడికి రాకముందు. ఎవరికీ చెప్పలే మేడం. తెలుగుల చెప్పబోతే గొంతు పూడుకపోతది. ఇంగ్లిషుల, అందుల పగిడయ్య సార్ పేరున, చెప్పొచ్చు అనిపించింది." ఆయన ఇంకా నేలనే చూస్తున్నాడు. "మీరు మీ పేరు చెప్పుకున్నది తప్పు కాదు. మీదాన్ని మీదని చెప్పాలె. గని ఆమెకు చెప్పకుంట పోవద్దు. పోయినాదివారం ఆమె ఒక మాట అడిగింది, వచ్చే ఆదివారం రాస్త అన్న. రాయకుంటే సార్ గూడ పోయిండేమో అనుకుంటది."

ఆరిఫాకు ఇందాకటి హాయి అంతా ఎటు పోయిందో తెలియలేదు. తను గెలుచుకున్న పేరుకు ఇంత ఖరీదుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నోరు తెరిచేదా, ఏమో. తెరిచేదేనేమో. ఆ ఆలోచనే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

వెంకటరామారావు గారు జీపు తలుపు మీద చెయ్యి వేసి బాలకృష్ణ వైపు తిరిగారు.

"ఆవిడ పేరేమిటి?"

"చికోండి అని రాస్తది సార్."

వెంకటరామారావు జేబులోంచి రుమాలు తీసి నుదురు తుడుచుకున్నారు. రుమాలుతో పాటు వాడిన ఇప్పపూవు ఒకటి కింద పడింది, ఆయన చూడలేదు.

"మన సభ్యత్వాల సంగతి చూసే కమిటీకి పెద్ద ఆవిడే," అన్నారు చివరికి. "బిడ్డ పోయాక అన్నీ వదిలేస్తానని రాజీనామా ఇచ్చింది. మళ్ళీ వెనక్కి తీసుకుంది. ఇండియాలో పగిడయ్య అనే స్నేహితుడు ఉన్నాడు, ఆయన వద్దన్నాడు అని చెప్పింది. పగిడయ్య గారు సంఘానికి రాసింది చూసి అందరూ రద్దు చేసేద్దామంటే, ఆవిడ ఒక్కతే ఒప్పుకోలేదు. నాకు తెలిసిన పగిడయ్య అట్లా చెయ్యడు, వెళ్ళి చూసి రండి అని నన్ను పంపింది ఆవిడే."

ఆయన ఆరిఫా వైపు చూశారు, తర్వాత బాలకృష్ణ వైపు.

"ఇప్పుడు బూర్గంపాడులో నేను నంబరు కలిపితే, అవతల ఫోను ఎత్తేది కూడా ఆవిడే."

నిద్ర లేచిన మోతీ కళ్ళు నలుపుకుంటూ వాళ్ళ మొహాల్లోకి మార్చి మార్చి చూశాడు.

బాలకృష్ణ చేతులు ప్యాంటుకు తుడుచుకుని, నెమ్మదిగా వెళ్ళి జీపులో ముందు సీట్లో కూర్చున్నాడు.

"పోదాం పట్టు మోతీ," అన్నాడు. "ఎదురుచూస్తుంటది."